ఎవరి మాట ఎవరిదో నోటుబుక్కులోనే రాసుకుందాం

(కోలారు జిల్లా కాలేజీ విద్యార్థుల కోసం రాబర్ట్‌సన్‌పేటలో జరిగిన చదువుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈరోజు మాకిచ్చిన అంశం వినడానికి చాలా చిన్నది. పాఠ్యపుస్తకాల నుంచి నోట్సు రాసుకునేటప్పుడు అది గ్రంథచౌర్యంగా మారకుండా ఎలా చూసుకోవాలి? ఇది లెక్చరర్లు చెప్పాల్సిన విషయం కదా, పాస్టర్లకేం పని అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. సామాజిక న్యాయం గురించి మాట్లాడే మన సంఘానికి ఇదేం అంశం అని కూడా అనుకోవచ్చు. అందుకే ముందు మనకందరికీ తెలిసిన ఒక మనిషి సంగతి చెప్తాం.

మార్టిన్ లూథర్ కింగ్ ఫొటో మన గుడి ఆఫీసుల్లో అంబేద్కర్ ఫొటో పక్కనే ఉంటుంది. ఆయన 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. పాల్ టిల్లిక్, హెన్రీ నెల్సన్ వీమన్ అనే ఇద్దరు వేదాంతులు దేవుని గురించి ఏమన్నారో పోల్చి రాసిన సిద్ధాంత వ్యాసం అది. ఆయన చనిపోయి ఇరవై ఏళ్ళు దాటాక, ఆ వ్యాసంలో చాలా భాగాలు ఇతరుల రాతల నుంచి సరైన గుర్తింపు లేకుండా తీసుకున్నవని బయటపడింది. వాటిలో 1952లో అదే విశ్వవిద్యాలయంలో జాక్ బూజర్ అనే విద్యార్థి టిల్లిక్ మీద రాసిన సిద్ధాంత వ్యాసం ముఖ్యమైనది. దీన్ని కనిపెట్టింది కింగ్‌గారి శత్రువులు కాదు. ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగ్ కోరిక మీద ఆయన రాతలన్నీ సేకరించి అచ్చు వేస్తున్న పండితుల బృందమే కనిపెట్టింది. దానికి నాయకుడు క్లేబోర్న్ కార్సన్ అనే నల్లజాతి చరిత్రకారుడు. 1991లో విశ్వవిద్యాలయం వేసిన కమిటీ, డిగ్రీ వెనక్కి తీసుకోనక్కర్లేదు గానీ ఈ సంగతి తెలిపే ఒక ఉత్తరం లైబ్రరీలోని ప్రతికి జత చేయాలని తేల్చింది.

మనకి కావలసిన ముక్క ఆ తరువాత ఉంది. ఈ తప్పు ఎక్కడ మొదలైంది అని ఆ పండితులు వెతికారు. కింగ్‌గారు చదివేటప్పుడు కార్డుల మీద నోట్సు రాసుకునేవారు. పుస్తకంలోని వాక్యాలు కొన్ని ఆ కార్డుల్లోకి ఉన్నవున్నట్టు వచ్చాయి గానీ కొటేషన్ గుర్తులు రాలేదు. తరువాత వ్యాసం రాసేటప్పుడు కార్డుల్లో ఉన్నది వ్యాసంలోకి ఎక్కింది, కార్డుల్లో జరిగిన తప్పులతో సహా. తెలిసి చేశారా తెలియక చేశారా అన్నదానికి దొరికిన కాగితాలు గట్టి జవాబు ఇవ్వవని ఆ బృందం నిజాయితీగా రాసింది.

దీని గురించి మాట్లాడితే కింగ్‌గారిని తగ్గించినట్టు అవుతుందని కొందరు పెద్దలు మొహమాటపడతారు. మేము అలా అనుకోవడం లేదు. మాంట్‌గోమరీ బస్సులు మాంట్‌గోమరీ బస్సులే, జాక్ బూజర్ పడ్డ కష్టం జాక్ బూజర్ కష్టమే. అంతటి మనిషికి కార్డు దగ్గర మొదలైంది మనకి నోటుబుక్కు దగ్గర మొదలవదా? గ్రంథచౌర్యం రాసే రోజున జరుగుతుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది మూడు నెలల ముందే, లైబ్రరీలో, పెన్ను పరుగెత్తుతున్నప్పుడు జరిగిపోయి ఉంటుంది. మూడు నెలల తరువాత ఆ పేజీ తెరిస్తే రాత మనదే, ఇంకు మనదే. వాక్యం ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక భయం తీసెయ్యాలి. చదువుకోవడానికి పుస్తకం నుంచి రాసుకోవడం దొంగతనం కాదు. సొంత చదువు కోసం పుస్తకాన్ని న్యాయంగా వాడుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టమే వీలిచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రామేశ్వరి అనే జిరాక్సు షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి, విద్యార్థులకి పాఠాల జిరాక్సులు కట్టలుగా అమ్ముతున్నాడని. 2016లో ఢిల్లీ హైకోర్టు చదువు వైపే నిలబడింది. 2017లో ఆ సంస్థలు దావా వెనక్కి తీసుకున్నాయి. వేల రూపాయల పుస్తకం కొనలేని మన పిల్లలకి ఆ తీర్పు చాలా పెద్దది. కాబట్టి లైబ్రరీలో కూర్చుని పేజీలకి పేజీలు రాసుకున్నా మీరు దొంగలు కారు. ఆ పేజీల మీద పేరు చెరిపేసి, లేదా పేరు రాయడమే మరిచి, మన మాటగా ఇంకొకరి ముందు పెట్టినప్పుడే చౌర్యం.

మీలో చాలామందికి ఇది కొత్తగా ఉండటంలో మీ తప్పేమీ లేదు. ఒకటో తరగతి నుంచి ఎస్ఎస్ఎల్‌సీ దాకా మీకు నేర్పింది ఏమిటి? గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే పూర్తి మార్కులు. సొంత మాటల్లో రాస్తే ఎర్ర ఇంకు. నోట్సు అంటే బోర్డు మీదున్నది దింపుకోవడం. పదేళ్ళు అదే అలవాటు చేసి, కాలేజీ గడప దాటగానే, ఇలా రాస్తే దొంగతనం అంటారు. ఇంట్లో డిగ్రీ చదివిన అన్నో అక్కో ఉన్న పిల్లలకి ఈ మార్పు గురించి ఎవరో ఒకరు భోజనాల దగ్గర చెప్తారు. అమ్మానాన్నలు గనిలోనో గార్మెంట్ ఫ్యాక్టరీలోనో పనిచేసిన ఇంట్లో, వంశంలో మొదటిసారి కాలేజీకి వెళ్ళిన పిల్లకి ఎవరు చెప్తారు? నియమం అందరికీ ఒకటే, అది తెలియడం మాత్రం అందరికీ ఒకటి కాదు. అందుకే ఈ అంశం మన సంఘానికి వచ్చింది.

నియమం సంగతి కూడా చెప్పేస్తాం. యూజీసీ 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. పీజీ, పరిశోధన స్థాయి సిద్ధాంత వ్యాసాల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే గరిష్ఠంగా ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పరీక్ష పేపర్లు, మామూలు అసైన్‌మెంట్లు ఈ లెక్కలోకి రావు. పేరు చెప్పి కొటేషన్ గుర్తుల్లో పెట్టినవి కూడా ఈ లెక్కలో ఉండవు. అంటే యంత్రం అడిగేది ఆ రెండు చిన్న గుర్తులే. బెంగళూరు మొదటి రైలుకి వెళ్ళి రాత్రి బండికి ఇల్లు చేరే పిల్లకి ఒక ఏడాది పోవడమంటే ఏమిటో, స్కాలర్‌షిప్పు ఆగిపోవడమంటే ఏమిటో ఇక్కడ కూర్చున్న తల్లులకి మేము వివరించనక్కర్లేదు.

సరే, పనిలోకి దిగుదాం. మన ఊరి మీదే ఒక వాక్యం మేమే తయారు చేసి తెచ్చాం. ఏదో చరిత్ర పుస్తకంలో ఉందనుకోండి:

గనుల లోతు పెరిగేకొద్దీ తవ్వకానికయ్యే ఖర్చు పెరిగిపోవడం, ముడిరాయిలో బంగారం పాలు తగ్గిపోవడం వల్ల 2001 ఫిబ్రవరి 28న గనులను మూసివేశారు.

ఒక విద్యార్థి దీన్ని ఉన్నదున్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించాడు. పైన పుస్తకం పేరు లేదు, గుర్తులు లేవు. ఇది పెట్టుబడి లేని అప్పు లాంటిది, ఎవరికి తీర్చాలో తెలియదు. రెండో విద్యార్థి కాస్త తెలివైనవాడు. గనులు లోతయ్యేకొద్దీ తవ్వే వ్యయం ఎక్కువవడం, ఖనిజంలో స్వర్ణం శాతం క్షీణించడం వల్ల అని రాసుకున్నాడు. ఖర్చుని వ్యయం చేశాడు, బంగారాన్ని స్వర్ణం చేశాడు. సొంత మాటల్లో రాశానని నిజంగానే నమ్ముతున్నాడు. కానీ వాక్యం ఎముకలు పుస్తకానివే, చొక్కా మాత్రం మార్చాడు. మా అనుభవంలో ఎక్కువమంది చిక్కుకునేది ఈ రెండో రకంలోనే. మొదటివాడికి కనీసం తాను కాపీ చేశానని తెలుసు.

మూడో అమ్మాయి ఏం చేసింది? ముందు పేజీ పైన పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన సంవత్సరం రాసుకుంది. మార్జిన్‌లో పేజీ నంబరు వేసింది. పేరా రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, బోర్లా పెట్టింది. అప్పుడు ఇలా రాసింది: మూసివేతకి ఈయన చెప్పే కారణాలు రెండు, ఖర్చు పైకి, బంగారం కిందికి. తరువాత పుస్తకం తెరిచి సరిచూసుకుంది. తేదీ సరిగ్గా ఉందా? ఏదైనా పదం తెలియకుండా పుస్తకం నుంచి జారి వచ్చేసిందా? ఆ కింద వేరే రంగు ఇంకుతో తన మాట రాసుకుంది: ఇందులో కార్మికుల సంగతి లేదు, బంగారం ధర సంగతి లేదు, యాజమాన్యం ఎలా నడిపిందో లేదు, తాతయ్యని అడగాలి.

ఆ చివరి లైను చూశారా? కాపీ కొట్టేవాడికి అది ఎప్పటికీ రాదు. చెయ్యి దింపుకుంటున్నంతసేపూ బుర్ర నిద్రపోతుంది. పుస్తకం మూసినప్పుడే మనకి ఏం అర్థమైందో, ఏం కాలేదో బయటపడుతుంది. మూసేశాక ఒక్క వాక్యం కూడా రాయలేకపోతే భయపడకండి, మళ్ళీ చదవమని దాని అర్థం.

పుస్తకంలోని మాటే కావాలనిపించే చోట్లు కూడా ఉంటాయి. నిర్వచనం, చట్టంలోని వాక్యం, ఒక మనిషి చేసిన గట్టి ఆరోపణ, చాలా అందంగా చెప్పిన మాట. వాటిని అక్షరం పొల్లుపోకుండా దించుకోండి, మొదటి అక్షరం రాసేముందే కొటేషన్ గుర్తు పెట్టండి, రాశాక పెట్టుకుందాంలే అనుకోకండి. మధ్యలో ఏమైనా వదిలేస్తే మూడు చుక్కలు పెట్టండి. ఇక 2001 ఫిబ్రవరి 28 లాంటి తేదీలకి, అందరికీ తెలిసిన సంగతులకి ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. ఆ సంగతి నుంచి ఎవరైనా తీసిన అర్థానికి మాత్రం తప్పకుండా చెప్పాలి. అనుమానం వస్తే పేరు రాసెయ్యండి. ఎక్కువ పేర్లు రాసినందుకు ఎవరినీ కాలేజీ నుంచి తీసేయరు.

మీ చేతిలో ఫోనుంది, అడిగితే క్షణంలో సమాధానం రాసిచ్చే యంత్రాలు అందులో ఉన్నాయి. దాని గురించి ఒక్క మాటే చెప్పి వదిలేస్తాం. అవి చాలాసార్లు మాటలిస్తాయి, ఆ మాటలు ఎక్కడివో చెప్పవు. ఒక్కోసారి లేని పుస్తకాల పేర్లు కూడా చెప్తాయి. పుస్తకం చూడకుండా దాన్ని నోట్సులోకి ఎక్కించకండి.

మనకున్న ఒక సౌకర్యం గురించి ఇప్పుడు చెప్పాలి. దాన్ని మనం ఎప్పుడూ లోటుగానే లెక్కేస్తాం. మనకి ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. ఇంగ్లీషు పుస్తకం చదివి ఇంగ్లీషులోనే సొంత మాటల్లో రాయమంటే సొంత మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ భాషలో మన దగ్గరున్న మాటలన్నీ ఆ పుస్తకం ఇచ్చినవే. కాబట్టి నోట్సు తెలుగులో రాసుకోండి. కన్నడం బాగా వస్తే కన్నడంలో రాసుకోండి. ముళబాగిలు యాసలో, సగం కన్నడం కలిసిన తెలుగులో రాసుకున్నా నోట్సుని ఎవరూ దిద్దరు. పాఠాన్ని మీ అమ్మకి చెప్తున్నట్టు రాయండి. ఆ తెలుగు నోట్సు నుంచి తిరిగి ఇంగ్లీషులో రాస్తే ఆ వాక్యం మీదవుతుంది, తప్పులున్నా మీదే. అయితే ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు పేరాని వాక్యానికి వాక్యం తెలుగు చేసి పేరు లేకుండా ఇస్తే అదీ చౌర్యమే. యంత్రం పట్టుకోలేదని అది నీతి అయిపోదు. ఈ మాట మా పాస్టర్లకి కూడా వర్తిస్తుంది. అమెరికా ప్రసంగీకుడి ఉదాహరణల్ని తెలుగులో చెప్పి, అవి మా సంఘంలోనే జరిగినట్టు వినిపించే అలవాటు వేదికల మీద బాగా ఉంది.

పేరు చెప్పే పద్ధతి మనకి విదేశాల నుంచి వచ్చిన ఆచారమేమీ కాదు. వేమన ప్రతి పద్యానికీ మకుటం పెట్టాడు. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉండి 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళిన కైవారంలో, గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప, మనం కైవారం తాతయ్య అని పిలుచుకునే ఆయన, తన తెలుగు పదాల్లో అమరనారాయణుడి పేరు ముద్రగా వేశాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట దగ్గర రాగం, తాళంతో పాటు రాసిన వారి పేరు ఉంటుంది, పురుషోత్తమ చౌదరి అనో మరొకరనో. ఆ పేర్లు తీసేసి ఉంటే ఈపాటికి ఆ పాటలు ఎవరివో ఎవరికి తెలిసేది?

పేరు పోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మనం నిలబడిన నేలనే చూడండి. కేజీఎఫ్ కథ ఎక్కడ చదివినా లావెల్ అనే ఐరిష్ సైనికుడి పేరుంటుంది. 1871లో బెంగళూరు నుంచి ఎడ్లబండి మీద ఇక్కడికి వచ్చాడు, 1873లో తవ్వకానికి అనుమతి అడిగాడు. ఆయనకి ఇక్కడ బంగారం ఉందని ఎలా తెలిసింది? చదివాడు. 1804లో ఆసియాటిక్ జర్నల్‌లో వచ్చిన నాలుగు పేజీల పాత వ్యాసం చదివాడు. దాన్ని రాసినవాడు జాన్ వారన్ అనే ఇంగ్లీషు దొరల సైన్యపు లెఫ్టినెంటు. మైసూరు సరిహద్దు సర్వే కోసం 1802లో ఈ ప్రాంతానికి వచ్చాడు. మరి వారన్‌కి ఎలా తెలిసింది? బంగారం చూపిస్తే బహుమానం ఇస్తానని చాటించాడు. ఊరివాళ్ళు బండ్ల మీద మట్టి తెచ్చి ఆయన కళ్ళముందే కడిగి బంగారు రేణువులు తీసి చూపించారు. ఆ విద్య వాళ్ళది. లావెల్ పేరు మిగిలింది, వారన్ పేరు చదువుకున్నవాళ్ళకి తెలుసు, 1880లో వచ్చిన జాన్ టేలర్ కంపెనీ పేరు ఊరంతా తెలుసు. మట్టి కడిగి చూపించిన చేతుల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ మనకి కనిపించవు.

మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి దిగి పనిచేసింది మన తాతలు. ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన దళితులు, పేదలు. ఈ ఊరి మీద సినిమాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. జానకీ నాయర్‌గారు 1998లో అచ్చువేసిన పుస్తకం లాంటి మంచి పరిశోధనలు కార్మికుల బతుకుని చదువులోకి తెచ్చాయి. అలాంటి పుస్తకం నుంచి నోట్సు రాసేటప్పుడు ఆమె పేరు వదిలేయడం మనవాళ్ళ పేర్లు వదిలేసినవాళ్ళు చేసిన పనే చేయడం అవుతుంది. మన పేరు చెప్పలేదని అడగాలంటే ముందు మన నోట్సులో ఇతరుల పేరు ఉండాలి.

పుస్తకాలకే కాదు, మనుషులకీ ఇది వర్తిస్తుంది. ఆ మూడో అమ్మాయి తాతయ్యని అడగాలి అని రాసుకుంది కదా. అడిగితే ఆయన చెప్పేది కూడా ఆధారమే. ఏ షాఫ్టులో పనిచేశారు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఈ మాట ఏ తేదీన ఎక్కడ కూర్చుని చెప్పారు, అన్నీ నోట్సులో ఉండాలి. పేరు వాడొచ్చా అని ముందే అడగాలి. రాక్‌బరస్ట్ గురించో, ఊపిరితిత్తుల్లో చేరిన రాతిపొడి గురించో ఆయన చెప్పిన మాటని ఆయన మాటల్లోనే, కొటేషన్ గుర్తుల్లోనే రాసుకోండి. పుస్తకం రాసిన ప్రొఫెసర్‌కి ఇచ్చే గౌరవం కంటే లాంప్ పట్టుకుని కిందికి దిగిన మనిషికిచ్చేది తగ్గకూడదు.

బైబిల్లో యిర్మీయా గ్రంథం 23వ అధ్యాయం చూడండి. ఒకరి దగ్గర నుంచి ఒకరు మాటలు దొంగిలించి, అవి దేవుడు తమకిచ్చినవని చెప్పుకునే ప్రవక్తలకి తాను విరోధినని దేవుడు అంటాడు. ఈ వచనం మీద ప్రసంగాలు తక్కువే వినబడతాయి, కారణం మేము చెప్పం. మాకు ఇంకా ఇష్టమైనది 26వ అధ్యాయం. యెరూషలేముకి వ్యతిరేకంగా మాట్లాడాడని యిర్మీయాని చంపాలని యాజకులు, ప్రవక్తలు పట్టుబట్టారు. అప్పుడు దేశపు పెద్దలు కొందరు లేచారు. వాళ్ళు ఇలాంటి మాట ఇంతకుముందు ఎవరో అన్నారు అని ఊరుకోలేదు. అన్నవాడు మీకా, ఊరు మోరెషెతు, కాలం యూదా రాజైన హిజ్కియా దినాలు అని చెప్పి, అతను అన్న మాట అన్నట్టే వినిపించారు. ఆ రోజుల్లో రాజు ఆ ప్రవక్తని చంపలేదని గుర్తుచేశారు. ఆ మాట మీకా గ్రంథం 3వ అధ్యాయం చివర ఇప్పటికీ ఉంది, పోల్చి చూసుకోవచ్చు. షాఫాను కుమారుడైన అహీకాము కూడా అండగా నిలిచాడు, యిర్మీయా బతికాడు. పేరు, ఊరు, కాలం, ఖచ్చితమైన మాట. ఎవరో ఆ పెద్దలు, వందేళ్ళ నాటి మాటని మీకా పేరుతో సహా జాగ్రత్తగా దాచి ఉంచారు. పేరు పోగొట్టుకుని ఉంటే ఆ రోజు సభలో అది ఉత్త మాటే అయ్యేది, సాక్ష్యం అయ్యేది కాదు.

ఇంతటితో మా మాటలు చాలు, ఇక మీ పని. బయట టీ కాస్తున్నారు, అది వచ్చేలోపు అరగంట ఉంది. మీతో తెచ్చుకున్న నోటుబుక్కు తెరవండి. ఏదైనా ఒక పేజీ తీసి, అందులో ఏ వాక్యం పుస్తకానిది, ఏది మీది అని పెన్సిలుతో గీత గీయండి. ఎవరిదో తేలని వాక్యాల పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. పుస్తకాలు వెనక బల్ల మీదున్నాయి, వెళ్ళి వెతుక్కోండి. పక్కవాళ్ళని అడగొచ్చు. తోడొచ్చిన అమ్మలూ నాన్నలూ, మీరు ఊరికే కూర్చోవద్దు. మీ పక్కనున్న పిల్ల రాసుకున్న పేజీ ఒకటి తెలుగులో చెప్పమని అడగండి, పుస్తకం మూసి.